అమ్మానాన్నలతో రోమ్: లిస్టు సగానికి కొట్టేయండి

మ్యూనిక్‌లో ఉద్యోగం చేస్తున్న ఒక పాఠకురాలు రాశారు. విజయవాడ నుంచి వాళ్ళ అమ్మానాన్నలు మొదటిసారి యూరప్ వస్తున్నారట. అక్టోబరు మధ్యలో రోమ్ తీసుకెళ్తున్నారు. గురువారం మధ్యాహ్నం దిగుతారు, సోమవారం ఉదయం తిరుగు ఫ్లైట్. నాన్నగారు చరిత్ర లెక్చరర్‌గా రిటైరయ్యారు, పూర్తి శాకాహారి. అమ్మగారికి మోకాళ్ళ నొప్పులు, కానీ ఒప్పుకోరు. అల్లుడుగారు మాత్రం "ఎలాగూ ఇటలీ దాకా వెళ్తున్నాం, ఫ్లోరెన్స్, వెనిస్ కూడా చుట్టేద్దాం" అంటున్నారు. "మళ్ళీ ఎప్పుడొస్తారో తెలీదు, అన్నీ చూపించాలని ఉంది. కానీ అమ్మ నడవలేకపోతే ఏం చేయాలో అని టెన్షన్‌గా ఉంది. వీల్‌చెయిర్ మాటెత్తితే చిన్నబుచ్చుకుంటుంది. నాన్న తిండి సంగతేమిటి? ఇంటి నుంచి నెయ్యి, ఆవకాయ తెస్తానంటున్నారు, తేనిస్తారా?" అని అడిగారు.

ముందు మీవారి సంగతి తేల్చేద్దాం. వెనిస్ వద్దు, ఫ్లోరెన్స్ వద్దు. స్పీడ్ రైల్లో రోమ్ నుంచి ఫ్లోరెన్స్ గంటన్నరే, కాదనను. కానీ ఆ గంటన్నరకి అటు హోటల్ నుంచి స్టేషన్‌కి, ఇటు స్టేషన్ నుంచి ఊళ్ళోకి, మళ్ళీ రాత్రికి అదంతా వెనక్కి కలపండి. మీకున్నవి మూడు పూర్తి రోజులు. అందులో ఒకటి ప్లాట్‌ఫారాల మీద పోగొట్టుకోవడం దేనికి? వెనిస్ అయితే మరీను, ఊరంతా మెట్ల వంతెనలే. మీవారికి అంత సరదాగా ఉంటే మీరిద్దరూ మరోసారి వెళ్ళండి, పెద్దవాళ్ళని లాగకండి.

ఇక అమ్మగారు. "నాకేం పర్లేదు, పదండి" అంటారు చూడండి, ఆ మాట అస్సలు నమ్మకండి. మా అత్తగారితో రోమ్‌లో తిరిగినప్పుడు నాకు బాగా అర్థమైన సంగతి ఇది. పిల్లలు టిక్కెట్లకి డబ్బులు పోశారు, నావల్ల వృథా అయిపోతుందేమో అన్న బెంగతో పెద్దవాళ్ళు నొప్పిని దాచేస్తారు. అందుకని ఆవిడ "కాసేపు కూర్చుందాం" అని అడగాల్సిన అవసరమే రాకుండా ప్లాన్ వేసుకోవాలి. నేను పాటించే లెక్క తేలిక. టిక్కెట్టు కొని చూసేది రోజుకి ఒక్కటే, అదీ పొద్దున్నే. భోజనం తర్వాత రూముకెళ్ళి పడక. నాలుగున్నరకి టీ తాగి మళ్ళీ బయటికి. మధ్యాహ్నం చాలా చర్చిలు ఎలాగూ మూసేస్తారు, మళ్ళీ మూడున్నర నాలుగు దాటాకే తెరుస్తారు. కాబట్టి ఆ వేళ పడుకుంటే పోయేదేమీ లేదు. కాకపోతే ఇది కుదరాలంటే హోటల్ ఊరి మధ్యలో ఉండాలి. పాంథియాన్ అనే పాత రోమన్ గుడి, పియాజ్జా నవోనా అనే పెద్ద కూడలి చుట్టుపక్కల అద్దె ఎక్కువే, అయినా శివార్లలో చవగ్గా తీసుకుని రోజుకి రెండు గంటలు బస్సుల్లో గడపడం కంటే మేలు. బుక్ చేసేముందు లిఫ్ట్ ఉందో లేదో తప్పకుండా అడగండి. పాత భవనాలు, చాలావాటికి ఉండదు. ఊరి పన్ను అని మనిషికి రాత్రికింత విడిగా కట్టించుకుంటారు, అదీ లెక్కలో వేసుకోండి.

రోమ్ మధ్యలో వీధుల నిండా నల్లటి చిన్న చిన్న రాళ్ళు పరిచి ఉంటాయి. చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి, మోకాళ్ళకి మాత్రం శత్రువులు. అమ్మగారికి చెప్పులు వద్దు, మెత్తటి అడుగున్న షూస్ ఇప్పుడే కొని మ్యూనిక్‌లో రోజూ కాసేపు నడిపించండి. కొత్త షూస్‌తో నేరుగా రోమ్‌లో దిగితే రెండో రోజుకి బొబ్బలే. చీర మీద షూస్ బాగోవని అంటారు. ఆ ఊళ్ళో ఎవరూ ఎవరి కాళ్ళకేసీ చూడరని చెప్పండి.

వీల్‌చెయిర్ విషయంలో ఒక చిట్కా. వాటికన్ మ్యూజియంలో వీల్‌చెయిర్లు ఉచితంగా ఇస్తారు, గుర్తింపు కార్డు చూపిస్తే చాలు. ఇంటి దగ్గరే "అమ్మా, నీకు వీల్‌చెయిర్ పెట్టిస్తాం" అని మొదలుపెడితే రభసే. అక్కడికి వెళ్ళాక, లోపల గదుల వెంట గదులు కిలోమీటర్ల కొద్దీ ఉన్నాయని మ్యాప్ చూపించి, "బ్యాగులు పెట్టుకోవడానికైనా ఉంటుంది, తీసుకుందాం" అనండి. అరగంటలో ఆవిడే కూర్చుంటారు.

గురువారం దిగగానే హోటల్‌కి టాక్సీలో వెళ్ళిపోండి. ఫ్యూమిచినో ఎయిర్‌పోర్టు నుంచి పాత కోటగోడల లోపలికి తెల్ల టాక్సీలకి ఒకే స్థిరమైన రేటు ఉంటుంది. లోపల లగేజీ తీసుకునేచోట "టాక్సీ, టాక్సీ" అంటూ వచ్చేవాళ్ళ వెంట వెళ్ళకండి, బయట లైన్లో నిలబడే ఎక్కండి. టెర్మినీ స్టేషన్‌కి రైలు ఉంది, 32 నిమిషాలే, కానీ మనిషికి 14 యూరోలు. నలుగురికి, పెట్టెలతో, టాక్సీయే నయం.

ఆ సాయంత్రం పియాజ్జా నవోనా ఒక్కటి చాలు. మధ్యలో శిల్పి బెర్నినీ చెక్కించిన నాలుగు నదుల ఫౌంటెన్ ఉంటుంది, 1651 నాటిది. నాలుగు ఖండాలకి నాలుగు నదులు: డాన్యూబ్, నైలు, దక్షిణ అమెరికా నుంచి ప్లాటా, ఆసియా తరఫున మన గంగ. నాన్నగారిని గంగని గుర్తుపట్టమనండి. అమ్మవారి రూపం కోసం వెతుకుతారు, దొరకదు. అక్కడ గంగ గడ్డం పెంచిన మగవాడు, చేతిలో పడవ తెడ్డు పట్టుకుని తీరిగ్గా ఒరిగి ఉంటాడు. నైలు తలమీద గుడ్డ కప్పి ఉంటుంది, ఆ నది ఎక్కడ పుడుతుందో అప్పటికి యూరప్‌కి తెలీదు కాబట్టి. మా అత్తగారు ఆ గడ్డం గంగని చూసి "వీళ్ళకి చెప్పేవాళ్ళే లేకపోయారు పాపం" అని చాలాసేపు నవ్వారు. చుట్టూ రాతి బెంచీలున్నాయి, పైసా ఖర్చు లేదు. రాత్రి ఓపిక ఉంటే అక్కణ్ణుంచే ట్రెవీ ఫౌంటెన్‌కి టాక్సీలో వెళ్ళి చూసి రండి. పగలు జనంలో అక్కడ నీళ్ళు కనిపించవు, తలలు కనిపిస్తాయి. జనం నాణేలు వేస్తుంటారు, అవి పోగుచేసి కారితాస్ అనే దానధర్మ సంస్థకి ఇస్తారు. కాబట్టి అమ్మగారు ఒకటి వేస్తానంటే వేయనివ్వండి.

శుక్రవారం పొద్దున వాటికన్ మ్యూజియం. ఆదివారం మూసేస్తారు, నెలాఖరి ఆదివారం ఉచితమే గానీ ఆ జనంలోకి పెద్దవాళ్ళతో వెళ్ళడం మన పని కాదు. టిక్కెట్లు ఆన్‌లైన్‌లో వాటికన్ సొంత వెబ్‌సైట్‌లోనే కొనండి. గూగుల్‌లో పైన కనిపించేవన్నీ దళారులవే, రెండు మూడింతలు గుంజుతారు. లోపల అన్నీ చూడాలనుకోవద్దు. నాన్నగారి కోసం మ్యాపుల గ్యాలరీ, 16వ శతాబ్దంలో ఇటలీ ప్రాంతాలన్నీ గోడల మీద చిత్రించిన 120 మీటర్ల హాలు. చిత్రకారుడు రాఫెల్ పేరున్న గదుల్లో ప్లేటో, అరిస్టాటిల్ పక్కపక్కన నడిచొస్తున్న బొమ్మ. ఆ తర్వాత పోపుగారి ప్రార్థన మందిరం, సిస్టీన్ చాపెల్. మైఖెలాంజెలో పైకప్పు మీది బొమ్మలు వేసింది 1508 నుంచి 1512 దాకా, ఎదురు గోడ మీది తుది తీర్పు బొమ్మ ఆ తర్వాత పాతికేళ్ళకి. ఫొటోలు తీయనివ్వరు, మాట్లాడనివ్వరు. అందరూ మధ్యలో నిలబడి మెడలు విరుచుకుంటారు. మీరు పక్క గోడల వారన ఉన్న బెంచీల మీద ఖాళీ దొరికేదాకా ఆగి, అమ్మానాన్నల్ని కూర్చోబెట్టి, పదిహేను నిమిషాలు కదలకండి. లోపలికి వెళ్ళాక చెప్పడానికి ఉండదు కాబట్టి, ఏ బొమ్మ ఏమిటో ముందురోజు రాత్రే ఫోన్‌లో చూపించి ఉంచండి.

అదే రోజు సాయంత్రానికి నాకు రోమ్‌లో అన్నిటికంటే ఇష్టమైనది దాచాను. పాంథియాన్ చుట్టూ నాలుగడుగుల దూరంలో రెండు చర్చిలున్నాయి. సాన్ లుయీజీ దెయి ఫ్రాంచేజీ ఒకటి, సాంత్ అగొస్తీనో ఒకటి. రెండూ ఉచితం. మొదటిదాంట్లో చిత్రకారుడు కరవాజ్జో వేసిన మూడు బొమ్మలు, సెయింట్ మాథ్యూ కథవి, 1600 ప్రాంతంలో వేసినవి. రెండోదాంట్లో ఒకటే. ఏ మ్యూజియంలో పెట్టినా గంటసేపు క్యూ కట్టాల్సిన బొమ్మలవి, ఇక్కడ మామూలుగా గోడకి వేలాడుతుంటాయి. చీకటిగా ఉంటుంది. పక్కన చిన్న డబ్బా ఉంటుంది, అందులో నాణెం వేస్తే లైటు వెలుగుతుంది. కాసేపయ్యాక టక్కున ఆరిపోతుంది. అప్పుడు చూడాలి, పదిమంది ఒకరి మొహాలొకరు చూసుకుంటూ ఎవరో ఒకరు జేబులో చెయ్యి పెట్టేదాకా ఎదురుచూస్తారు. చిల్లర దగ్గర ఉంచుకోండి.

సాంత్ అగొస్తీనోలోకి అడుగుపెట్టగానే ఎడమవైపు మొదటి గదిలో ఉంటుంది నేను చెప్పేది. ఇంటి గుమ్మంలో మేరీ మాత బిడ్డనెత్తుకుని నిలబడి ఉంటుంది, వట్టి కాళ్ళతో. ముందు ఇద్దరు ముసలి యాత్రికులు మోకరిల్లి ఉంటారు, ఒక మగ, ఒక ఆడ. మనకి ఎదురుగా వచ్చేది దేవత ముఖం కాదు, ఆ ముసలాయన పాదాలు. మట్టి కొట్టుకుపోయిన అరికాళ్ళు, సరిగ్గా మన కళ్ళ ఎత్తున. ముసలామె తలగుడ్డ నలిగి చిరిగి ఉంటుంది. గుళ్ళో ఇలాంటి కాళ్ళు ఏమిటని ఆ రోజుల్లో గోల చేశారట. అలిపిరి నుంచి మెట్లెక్కి దర్శనం క్యూలో చేరిన మనిషి పాదాలు ఎలా ఉంటాయో అచ్చం అలాగే ఉంటాయి. మా అత్తగారికి కరవాజ్జో ఎవరో తెలీదు, బొమ్మ ఎప్పటిదో తెలీదు. నేనేమీ చెప్పకముందే చెప్పులు విడిచి నిలబడ్డారు. తర్వాత "ఆయన ఎంత దూరం నడిచొచ్చాడో" అన్నారు. ఏ గైడూ ఇంతకంటే బాగా చెప్పడు.

పాంథియాన్‌కి 2023లో 5 యూరోల టిక్కెట్టు పెట్టారు, అయినా చవకే. హేడ్రియన్ చక్రవర్తి కాలంలో, దాదాపు 1,900 ఏళ్ళ క్రితం కట్టిన గుమ్మటం. ఇనుము లేకుండా ఒట్టి కాంక్రీటుతో కట్టిన గుమ్మటాల్లో ఇప్పటికీ ప్రపంచంలో ఇదే పెద్దది. అడ్డంగా 43 మీటర్లు, నేల నుంచి ఎత్తు కూడా అంతే. నడినెత్తిన పెద్ద రంధ్రం, దానికి మూతా లేదు, అద్దమూ లేదు. వాన పడితే లోపలే పడుతుంది, నీళ్ళు పోవడానికి నేలలో చిన్న చిన్న చిల్లులు చేశారు. అక్టోబరులో వాన వస్తే ప్రోగ్రాం పాడైందనుకోకుండా గొడుగుతో అక్కడికి పరుగెత్తండి.

శనివారం కొలోసియం. టిక్కెట్లు ఆన్‌లైన్‌లో నెల ముందు విడుదలవుతాయి, మనిషి పేరు మీద ఇస్తారు, పాస్‌పోర్టులు చూపించాలి. తేదీ గుర్తుపెట్టుకుని ఆ రోజే కొనేయండి. లోపల పై అంతస్తుకి లిఫ్ట్ ఉంది, అమ్మగారికి మోకాళ్ళ నొప్పులని సిబ్బందికి చెప్పి అడగండి. క్రీ.శ. 80లో ప్రారంభమైన కట్టడం ఇంత నిలబడిందంటే చూడాల్సిందే గానీ, నన్నడిగితే గంట చాలు. అదే టిక్కెట్టు మీద పక్కనున్న ఫోరం, అంటే పాత రోమ్ నడిబొడ్డు శిథిలాలు, పాలటైన్ గుట్ట కూడా చూడొచ్చు. అది మొత్తం ఎగుడుదిగుడు బండల దారి. నాన్నగారిని మీరు తీసుకెళ్ళండి, అమ్మగారు మీవారితో కాఫీ తాగుతూ కూర్చుంటారు. అందరూ అన్నీ కలిసే చూడాలన్న నియమం పెట్టుకోకండి. ఆవిడకి ఫోరం మొత్తం కళ్ళముందు పరిచినట్టు కనిపించే చోటు ఒకటుంది. కాంపిదోల్యో గుట్ట మీద మునిసిపల్ భవనం వెనక వైపు, డబ్బులు అక్కర్లేదు. అది ఆదివారానికి పెట్టుకుందాం. శనివారం సాయంత్రానికి మాత్రం ఏ ప్రోగ్రాం పెట్టకండి, ఐస్‌క్రీమ్ తిని తిరగండి.

ఆదివారం కొలోసియం నుంచి పియాజ్జా వెనేత్సియా దాకా ఉన్న పెద్ద రోడ్డు మీద వాహనాలు ఆపేస్తారు. నడవడానికి రోడ్డంతా మనదే, పైగా నున్నటి రోడ్డు. ఆ దారిలో ఎడంచేతి వైపు బ్రహ్మాండమైన ఇటుక శిథిలం కనిపిస్తుంది, అది మాక్సెంటియస్ బసిలికా, పాత రోమన్ల సభామందిరం. నాన్నగారితో అక్కడ ఆగండి. దాని కింద అంతకుముందు మిరియాల గిడ్డంగి ఉండేది, డొమిషియన్ చక్రవర్తి కట్టించింది. మన మిరియాలు, మలబారు తీరం నుంచి ఎర్రసముద్రం మీదుగా వచ్చినవి. ఏటా 5 కోట్ల సెస్టర్సులు (రోమన్ నాణేలు) ఇండియాకే పోతున్నాయని రోమన్ రచయిత ప్లినీ వాపోయాడు. మన నాగార్జునకొండ తవ్వకాల్లో దొరికిన రోమన్ బంగారు నాణేల సంగతి నాన్నగారు క్లాసులో చెప్పే ఉంటారు. ఆ నాణేలు వేయించిన చక్రవర్తుల ఊళ్ళో నిలబడి ఆయన చెప్తుంటే మీరు వినండి, ఆ రోజుకి గైడు ఆయనే. అమ్మగారికి ఫోరం చూపించే ఆ కాంపిదోల్యో కూడా ఆ పూటే.

ఆ సాయంత్రం వాటికన్‌లోని సెయింట్ పీటర్స్ చర్చి. లోపలికి టిక్కెట్టు లేదు, సెక్యూరిటీ క్యూ మాత్రం ఉంటుంది. భుజాలు, మోకాళ్ళు కప్పి ఉండాలి, చీర కట్టుకున్న అమ్మగారికి ఏ ఇబ్బందీ లేదు, షార్ట్స్ వేసుకునే అల్లుడుగారికే చెప్పాలి. కుడివైపు మొదట్లోనే అద్దం వెనక మైఖెలాంజెలో చెక్కిన పియేతా, క్రీస్తు దేహాన్ని ఒళ్ళో పెట్టుకున్న మేరీ మాత శిల్పం, ఉంది. 1972లో ఒకడు సుత్తితో కొట్టాక ఆ అద్దం పెట్టారు. గుమ్మటం ఎక్కడానికి 551 మెట్లు, లిఫ్ట్ తీసుకున్నా ఇంకా 320 ఉంటాయి, కాబట్టి వదిలేయండి. అక్కణ్ణుంచి టాక్సీలో జానికొలో గుట్ట మీదికి వెళ్తే ఊరంతా కనిపిస్తుంది. ఆ రోజుల్లో ఆరున్నర ప్రాంతంలో పొద్దు గూకుతుంది. ఆరింటికల్లా అక్కడుండండి.

స్పానిష్ మెట్లు రాయలేదేమని అడుగుతారేమో. 135 మెట్లు, కూర్చుంటే ఫైన్. కింద నుంచి ఫొటో తీసుకోండి, అయిపోయింది.

దాహం సంగతి మర్చిపోయాను. నీళ్ళ సీసాలు కొనకండి. వీధి మలుపుల్లో పొట్టి ఇనప స్తంభాలకి వంకర ముక్కు లాంటి గొట్టం పెట్టి నీళ్ళు ధారగా వదిలేసి ఉంటాయి. నజోనీ అంటారు, ఊళ్ళో దాదాపు 2,500 ఉన్నాయి, 1874 నుంచి పెడుతున్నారు. చల్లటి, మంచి తాగునీళ్ళు. గొట్టం కొసని వేలితో మూస్తే పైనున్న చిన్న రంధ్రం లోంచి నీళ్ళు చిమ్ముతాయి, ఒంగకుండా తాగొచ్చు. అమ్మగారికి అది నేర్పండి. ఇంటి నుంచి స్టీలు సీసా తెచ్చుకోండి. బాత్రూములకి ఏదో ఒక కాఫీ బార్‌లోకి వెళ్ళి కాఫీ తాగడమే మార్గం.

నాన్నగారి తిండి. ఆయన ఆకలితో ఉండరు, భయం లేదు. కానీ కొన్ని గోతులున్నాయి. పిజ్జా మారినారా అంటే టమాటా, వెల్లుల్లి, ఓరెగానో, అంతే, చీజ్ కూడా ఉండదు. తూకం లెక్కన కత్తిరించి ఇచ్చే పిజ్జా దుకాణాల్లో బంగాళాదుంప వేసిన ముక్క అడగండి, అది ఆయనకి నచ్చుతుంది. కాచో ఎ పేపే అనే పాస్తా చీజ్, మిరియాల పొడితో చేస్తారు, ఘాటుగా బాగుంటుంది. కానీ అందులో వేసే పెకొరీనో చీజ్‌ని గొర్రెపిల్ల పొట్టలోంచి తీసే పదార్థంతో పాలు విరగ్గొట్టి చేస్తారు. అది తెలిసి తినాలా వద్దా అన్నది ఆయనిష్టం, చెప్పకుండా మాత్రం పెట్టకండి. గుమ్మడి జాతి పూలకి పిండి ముంచి వేయించిన బజ్జీలు చూడగానే మనవాళ్ళు ఎగబడతారు. లోపల చీజ్‌తో పాటు చిన్న చేప ముక్క పెట్టడం అక్కడి ఆనవాయితీ. అన్నంతో చేసే సుప్లీ ఉండల్లోనూ తరచు మాంసం ఉంటుంది. "సెంజా కార్నే, సెంజా పేషే" అంటే మాంసం వద్దు, చేప వద్దు అని. ప్రతిచోటా రెండూ అనండి. ఒకటే అంటే రెండోది వేస్తారు.

కాఫీ నిలబడి తాగితే ఒక రేటు, కూర్చుంటే ఇంకో రేటు. అమ్మగారిని కూర్చోబెట్టే ఆ రేటు కట్టండి. లాటే అని మాత్రం అడగొద్దు, గ్లాసుడు పాలిచ్చి ఊరుకుంటారు. కాఫే లాటే అనాలి. మన ఫిల్టర్ కాఫీకి దగ్గరగా కావాలంటే కపుచీనోయే. రెండో రోజు రాత్రికి నాన్నగారి మనసు అన్నం మీదికి మళ్ళుతుంది, ఇది ఖాయం. టెర్మినీ స్టేషన్ దగ్గర పియాజ్జా విత్తోరియో పక్కన ఎస్క్విలీనో మార్కెట్‌లో బెండకాయలు, పచ్చిమిర్చి, మసాలాలు, బియ్యం అన్నీ దొరుకుతాయి. ఆదివారం ఉండదు కాబట్టి శనివారమే వెళ్ళండి. అందుకే హోటల్ గది కంటే వంటిల్లున్న చిన్న ఫ్లాట్ అయితే మీకు సుఖం.

జేబుదొంగల గురించి భయపెట్టను గానీ, మెట్రోలోనూ, టెర్మినీలోనూ, వాటికన్ వైపు వెళ్ళే 64 నంబరు బస్సులోనూ పాస్‌పోర్టులు లోపలి జేబులో ఉండాలి. అమ్మగారి మెడలో నల్లపూసలు చాలు, బంగారం మ్యూనిక్‌లో వదిలేయండి. చేతికి దారం కట్టేవాళ్ళు, గులాబీ ఇచ్చేవాళ్ళు, రోమన్ సైనికుడి వేషంలో ఫొటోకి పిలిచేవాళ్ళు, ఎవరూ ఊరికే ఇవ్వరు. మన పెద్దవాళ్ళకి మర్యాదగా తీసుకోవడం అలవాటు, వద్దని తలూపి నడవమనండి. బస్సుకి, మెట్రోకి టికెట్ 1.50 యూరో, 100 నిమిషాలు పనిచేస్తుంది. మెట్రో గేటు దగ్గర, బస్సులో అయితే మిషన్ దగ్గర, బ్యాంకు కార్డు తాకించినా సరిపోతుంది, ఒక్కొక్కరికి ఒక్కో కార్డు.

చివరగా నెయ్యి. యూరోపియన్ యూనియన్ బయటి నుంచి వచ్చేవాళ్ళు పాలతో చేసినవి తేకూడదు, కాబట్టి విజయవాడ నుంచి నెయ్యి డబ్బా, పాలకోవా వద్దని ఇప్పుడే ఫోన్ చేసి చెప్పండి. నెయ్యి మ్యూనిక్‌లోని ఇండియన్ షాపులో కొనుక్కోవచ్చు. ఆవకాయ సీసాని గట్టిగా మూసి, రెండు ప్లాస్టిక్ కవర్లలో కట్టి, చెక్-ఇన్ పెట్టెలో బట్టల మధ్య పెట్టమనండి. చేతి సంచిలో పెడితే సెక్యూరిటీ వాళ్ళు నూనె చూసి తీసేసుకుంటారు. మీ మ్యూనిక్-రోమ్ ఫ్లైట్‌కీ అలాగే పెట్టెలో పెట్టండి. చవక టిక్కెట్లలో చెక్-ఇన్ లగేజీ ఉండదు, నలుగురిలో ఒక్కరికైనా అది కలిపి కొనండి.